'నాన్నకూ వాడికీ పడదు': ఆ ఒక్క మాట కింద ఏముంటుంది?

పెళ్లి భోజనాల దగ్గర చూస్తుంటాం. పెద్దకొడుకు తండ్రి పక్క కుర్చీలో కూర్చుంటాడు. చిన్నవాడు అందరికీ మంచినీళ్లు అందిస్తాడు, చుట్టాల పిల్లల్ని ఎత్తుకుంటాడు, ముసలివాళ్లకు ఆటో పిలుస్తాడు. తండ్రి ఉన్న వరుసలోకి మాత్రం రాడు. కొత్త కోడలు ఎందుకని అడిగితే పెద్దావిడ గొంతు తగ్గించి, "మీ మామయ్యకూ వాడికీ చిన్నప్పటి నుంచీ పడదమ్మా" అంటుంది. ఇక ఎవరూ ఏమీ అడగరు.

"పడదు" గమ్మత్తైన మాట. కొందరికి వంకాయ పడదు, కొందరికి పెరుగు పడదు, వీళ్లకు ఒకరికొకరు పడదు. తప్పెవరిదో ఆ మాట చెప్పదు. ఎప్పుడు మొదలైందో చెప్పదు. ఒంటితత్వంలా పుట్టుకతోనే వచ్చిందేమో అనిపిస్తుంది. కౌన్సెలింగ్ అంటే "నన్నేమన్నా ఎర్రగడ్డ పిచ్చాసుపత్రికి పంపుతవా?" అని కసిరే తరం హైదరాబాద్‌లో ఇంకా ఉంది. అందుకే చాలా ఇళ్లలో ఆ మాటను విప్పి చూసేది తండ్రి కాలం చేశాక, బీరువాలోంచి కాగితాలు తీసిన రోజునే. అప్పటికి జవాబు చెప్పాల్సినవాళ్లలో ఒకరు ఉండరు.

విప్పితే నాలుగు పోగులు కనిపిస్తాయి. తండ్రి కఠినత్వం ఒకటి, పిల్లల మధ్య చూపే తేడా ఇంకొకటి, ఇద్దరి స్వభావాలు మూడోది, డబ్బు నాలుగోది. ఒక పోగును ఇంకొకటనుకుని లాగడం వల్లే ముడి బిగుస్తుంటుంది.

ఒకే గుమ్మం, ఒకే పది గంటలు

కఠినమైన తండ్రి అనగానే పక్షపాతి అని రాసేసుకుంటాం. రెండూ వేరు. రాత్రి పదింటికల్లా ఇల్లు చేరాలన్నది ఒక ఇంటి రూలు అనుకుందాం. ఇద్దరు కొడుకులకూ అదే రూలు, తప్పితే ఇద్దరికీ అవే అక్షింతలు పడితే అది కఠినత్వం. పెద్దోడు పదిన్నరకు వస్తే "ఉప్పల్ దగ్గర ట్రాఫిక్ జామా?" అని, చిన్నోడు పదీ పావుకు వస్తే "ఎక్కడెక్కడ తిరిగొస్తున్నవ్‌రా?" అని అడిగితే అది తేడా. గుమ్మం అదే, గడియారం అదే. పెద్దోడికి కారణం తండ్రే వెతికిపెట్టాడు. చిన్నోడి మీద నేరం వినకముందే ఖాయం చేశాడు.

కఠినత్వంలోనూ రకాలున్నాయి. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త డయానా బామ్‌రిండ్ 1960లలో తల్లిదండ్రుల తీరును మూడు రకాలుగా విడదీశారు. 1983లో ఎలినార్ మకోబీ, జాన్ మార్టిన్ దానికి నాలుగోది చేర్చారు. ఈ వర్గీకరణ అంతా రెండు ప్రశ్నల మీద నిలబడింది: పిల్లల నుంచి ఎంత ఆశిస్తున్నారు? పిల్లల మాట ఎంత వింటున్నారు? ఎక్కువ ఆశించి అసలు విననివాళ్లు హుకుం జారీ చేసే రకం. ఎక్కువ ఆశించినా వినేవాళ్లు పట్టున్న రకం. తక్కువ ఆశించి అన్నీ విన్నవాళ్లు గారాబం చేసేవాళ్లు. ఆశించనూ ఆశించక, విననూ వినకపోతే అది పట్టించుకోకపోవడమే. మన వాడుకలో మొదటి రెండింటినీ కలిపి "స్ట్రిక్ట్" అనేస్తాం. చిక్కంతా అక్కడే ఉంది. పిల్లల మీద వాటి ఫలితాలు ఒకటి కావు.

ఈ గళ్లు పాశ్చాత్య కుటుంబాలను చూసి గీసినవన్న అభ్యంతరం కూడా ఉంది. రూత్ చావ్ 1994లో చైనా మూలాలున్న కుటుంబాల మీద రాస్తూ, బయటివాళ్లకు నిరంకుశత్వంలా కనిపించేది ఆ ఇళ్లలో పిల్లలకు "నా కోసం కష్టపడుతున్నారు" అన్న అర్థంలో అందుతుందని వాదించారు. ఇది మనకూ కొంత వర్తిస్తుందనిపిస్తుంది. "మా నాయన తోలు తీసేటోడు, అందుకే ఇంతవాణ్నైన" అని నవ్వుతూ చెప్పే మనిషి ప్రతి బస్తీలో కనిపిస్తాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. కాకపోతే ఆ మాట చెప్పేది ఎక్కువగా పైకొచ్చినవాళ్లే. రానివాళ్లను ఆ ప్రశ్న ఎవరూ అడగరు.

తేడా సంగతికొస్తే, పిల్లల్ని వేర్వేరుగా చూడటమే తప్పనీ అనలేం. జ్వరం వచ్చినవాడికి బ్రెడ్డు, రానివాడికి పప్పన్నం పెడతాం. అమాండా కోవల్, లారీ క్రేమర్ 1997లో ప్రచురించిన అధ్యయనంలో తేలిందీ ఇలాంటిదే: తేడా ఉన్నా దానికి తగిన కారణం ఉందని పిల్లలు అనుకున్న చోట తోబుట్టువుల మధ్య బంధం మెరుగ్గా ఉంది. కాబట్టి కొలవాల్సింది తేడా ఒక్కటే కాదు. దానికి కారణం ఆ పిల్లవాడికి ఎవరైనా చెప్పారా లేదా అన్నదీ చూడాలి. మన తండ్రులు కారణాలు చెప్పరు. చెబితే పలచనవుతామని భయం.

లాలాగూడ నుంచి జగదీశ్ మార్కెట్ దాకా ఒక లెక్క

ఒక ఇంటిని ఊహించుకుందాం. ఇది ఫలానావారి ఇల్లు కాదు, పది ఇళ్ల ముక్కలు కలిపి కుట్టిన బొంత.

తండ్రి లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యాడు. మౌలాలిలో 200 గజాల్లో సొంత ఇల్లు. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. పెద్దోడు ఇంటర్ ఎంపీసీ చదివే రోజుల్లో ఇంట్లో ఒక్కరి కోచింగ్‌కే డబ్బుంది, 40,000 అనుకుందాం. అది పెద్దోడికి పెట్టారు. ర్యాంకు వచ్చింది, ఇప్పుడు డల్లాస్‌లో ఉన్నాడు. చిన్నోడి వంతు వచ్చేసరికి కూతురి పెళ్లి ముంచుకొచ్చింది. వాడు లెక్కల్లో తప్పి, సప్లిమెంటరీ రాసి, బీకాం చేసి, ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో సెల్‌ఫోన్ రిపేర్ షాపు పెట్టాడు.

ఆ 40,000 పక్షపాతమా? ఆర్థికవేత్తలు దీన్ని చల్లగా చూస్తారు. డబ్బు తక్కువున్న ఇంట్లో తల్లిదండ్రుల ముందు రెండే దారులు: బాగా చదివేవాడి మీద పెట్టి రాబడి పెంచుకోవడం, లేదా వెనకబడ్డవాడి మీద పెట్టి ఇద్దరినీ సమం చేయడం. గ్యారీ బెకర్, నైజెల్ టోమ్స్ 1970లలో దీన్నే సూత్రంగా రాశారు. చదువు చెప్పించేటప్పుడు తెలివైనవాడికి ఎక్కువ, ఆస్తి ఇచ్చేటప్పుడు వెనకబడ్డవాడికి ఎక్కువ ఇచ్చి తల్లిదండ్రులు లెక్క సరిచేస్తారన్నది వారి ఊహ. మన మౌలాలి తండ్రీ అంతే చేశాడు. రిటైరైనప్పుడు వచ్చిన గ్రాట్యుటీలోంచి షాపు అడ్వాన్సుకని చిన్నోడికి 3 లక్షలు ఇచ్చాడు.

ఇక ఇద్దరి ఖాతాలూ చూడండి. చిన్నోడి పుస్తకంలో ఒకటే పద్దు: "అన్నకు కోచింగ్, నాకు సప్లిమెంటరీ." పెద్దోడి పుస్తకంలోనూ ఒకటే: "నా ఎడ్యుకేషన్ లోను నేనే కట్టుకున్నా, వాడికి మాత్రం చేతిలో 3 లక్షలు." ఎదుటివాడికి అందింది ఇద్దరికీ పైసాతో సహా గుర్తుంటుంది, తనకు అందింది గుర్తుండదు. తల్లుల ఇష్టాల మీద జిల్ సూటర్, కార్ల్ పిల్లెమర్ బృందం అమెరికాలో ఏళ్ల తరబడి చేసిన పరిశోధనలో బయటపడ్డ విషయం ఇక్కడ పనికొస్తుంది: అమ్మకు ఒకరంటే ఎక్కువ ఇష్టమని వయసొచ్చిన పిల్లలకు తెలుసు గానీ, ఆ ఒకరు ఎవరన్న దగ్గర చాలామంది పొరబడ్డారు.

దూరం చేసే మాయ కూడా తక్కువది కాదు. డల్లాస్ కొడుకు ఆదివారం ఇరవై నిమిషాలు వీడియో కాల్‌లో కనబడతాడు, తలదువ్వుకుని, నవ్వుతూ. మౌలాలి కొడుకు రోజూ కనబడతాడు: తడిసిన తువ్వాలు మంచం మీద పడేస్తూ, కరెంటు బిల్లు మర్చిపోతూ. దూరపు కొండలు నునుపు అన్నది ఊరికే అనలేదు. తిట్లు తినేది ఎప్పుడూ అందుబాటులో ఉన్న కొడుకే.

పొగిడేది జనం, పొంగేది తండ్రి

పుత్రోత్సాహం కొడుకు పుట్టినప్పుడు కాదు, జనం పొగిడినప్పుడు కలుగుతుందని బళ్లో అందరం అప్పజెప్పినవాళ్లమే. నీతిగా నేర్పిన ఆ మాటలో ఒక వేదన కూడా ఉందని నాకు చాలా ఆలస్యంగా తట్టింది. పొగడ్త రాని కొడుకు తండ్రి దగ్గర ఏమవుతాడు?

హైదరాబాద్‌లో ఈ పొగడ్తకు ఒక మార్కెట్ రేటు ఉంది. పొద్దున పార్కులో నడిచే రిటైరైన పెద్దల మధ్య "మీవాడు ఎక్కడ?" అన్న ప్రశ్నకు "గచ్చిబౌలి" ఒక మెట్టు, "ఆస్టిన్" ఇంకో మెట్టు. "జగదీశ్ మార్కెట్" అనాలంటే ముందు గొంతు సవరించుకోవాలి. షాపులో నెలకు వచ్చేది ఒక జూనియర్ సాఫ్ట్‌వేర్ జీతానికి తీసిపోకపోయినా సరే. తండ్రికి కోపం కొడుకు మీదా, ఆ ప్రశ్న మీదా అన్నది ఆయనకే తెలియదు. పార్కులో మింగింది ఇంటికొచ్చి కక్కుతాడు.

ఎవరు ఇష్టులవుతారన్న దాని మీద 2025 జనవరిలో అలెగ్జాండర్ జెన్సెన్ బృందం పెద్ద విశ్లేషణ ఒకటి ప్రచురించింది. పాత అధ్యయనాలను కలిపి, 19,000 మందికి పైగా సమాచారాన్ని పరిశీలించింది. చెప్పిన పని బాధ్యతగా చేసే పిల్లలకు, ఎదురు చెప్పని పిల్లలకు తల్లిదండ్రుల దగ్గర కాస్త మొగ్గు కనిపించింది. కూతుళ్ల వైపు కూడా కొంచెం మొగ్గు ఉందని అందులో తేలింది. మన దగ్గర ఆడపిల్ల సంగతి ఇంకో వ్యాసమంత పొడుగు కాబట్టి దాన్ని ఇక్కడికి యథాతథంగా అతికించలేం. మొదటి మాటను మాత్రం మన అమ్మమ్మలు పరిశోధన లేకుండానే చెప్పేవారు: మాట వినే బిడ్డ ముద్దు.

అయితే మాట వినడం అన్నది పూర్తిగా పిల్లవాడి చేతిలో ఉందా? అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ 1956లో న్యూయార్క్‌లో మొదలుపెట్టి, పసిపిల్లల్ని పెద్దయ్యేదాకా గమనించారు. కొందరు పుట్టుకతోనే నిమ్మళం, కొందరు పుట్టుకతోనే చిటపట. ఒక స్వభావం మంచిదీ కాదు, చెడ్డదీ కాదు, చుట్టూ ఉన్నవాళ్ల తీరుతో అది పొసిగిందా లేదా అన్నదే ముఖ్యమన్నారు. మన "పడదు"కు శాస్త్రంలో దగ్గరి చుట్టం ఇదే. నేను చూసినంతలో ఇంకో సంగతి: తండ్రికి పడని కొడుకు తరచూ అచ్చం తండ్రే. అదే ముక్కోపం, అదే పట్టుదల, అదే "నేను తగ్గను". నెమ్మదస్తుడైన అన్న తల్లి పోలిక. అద్దంతో పేచీ పెట్టుకున్న మనిషికి ఆ సంగతి ఎవరు చెబుతారు?

గోల్కొండ సాక్షిగా

ఈ నగరం గోడలకు ఇలాంటి కథలు కొత్త కాదు. 1656లో గోల్కొండను ముట్టడించింది దక్కన్ సుబేదారుగా ఉన్న ఔరంగజేబు. కోట చేతికందేలా ఉన్న సమయంలో ముట్టడి ఎత్తేయమని తండ్రి షాజహాన్ నుంచి హుకుం వచ్చింది. ఢిల్లీలో తండ్రి పక్కన ఉన్నది ఆయన ముద్దుల పెద్దకొడుకు దారా షికో. గోల్కొండ సుల్తాను తరఫున చక్రం తిప్పింది అతనే. రెండేళ్లకే, 1658లో, ఔరంగజేబు తండ్రిని ఆగ్రా కోటలో బంధించాడు. షాజహాన్ 1666లో అక్కడే చనిపోయాడు.

తర్వాతి భాగం మీద మనకు ధ్యాస తక్కువ. 1687లో అదే ఔరంగజేబు అదే గోల్కొండను మళ్లీ ముట్టడించాడు. కొడుకు ముఅజ్జం కోటలో ఉన్న తానీషాతో రహస్యంగా మంతనాలు చేస్తున్నాడని అనుమానించి, ఏళ్ల తరబడి ఖైదులో పెట్టాడు. తండ్రి నమ్మని కొడుకుగా బతికినవాడే, కొడుకును నమ్మని తండ్రి అయ్యాడు. అదీ అదే కోట ముందు.

ఇంకా దగ్గరి ఉదాహరణ ఏడో నిజాంది. పొదుపుకు పేరుపడ్డ మీర్ ఉస్మాన్ అలీ ఖాన్, దుబారా మనిషిగా పేరున్న పెద్దకొడుకు ఆజం జాను పక్కనపెట్టి, మనవడు ముకర్రం జాను వారసుడిగా ప్రకటించాడు. 1967లో నిజాం పోయాక గద్దె మనవడికే దక్కింది. అప్పటికి ఆజం జా బతికే ఉన్నాడు. ఆయన నివసించిన బెల్లా విస్టా భవనంలో ఇప్పుడు అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ ఉంది. రెండో కొడుకు మొఅజ్జం జా పేరు మాత్రం మార్కెట్ మీద నిలిచిపోయింది, ఐస్‌క్రీం తినడానికి వెళ్లేవాళ్లకు ఆయనెవరో తెలియకపోయినా.

రాజుల కథల్ని మౌలాలి ఇంటికి తగిలించడం అతి అనొచ్చు. నిజమే. అక్కడ గద్దె ఒక్కటే కాబట్టి ఒకరిని ఎంచక తప్పదు. మన ఇళ్లలో గద్దె లేదు. ఉన్నట్టు ప్రవర్తిస్తాం, అంతే.

తండ్రిని అడిగితే ఏమంటాడు?

"ఇద్దరూ నా రెండు కళ్లే" అంటాడు. ఆ మాట దొంగ మాటని నేననుకోను. ఆయన లెక్కలో చిన్నోణ్ని ఎక్కువ తిట్టడమంటే వాడి గురించి ఎక్కువ ఆలోచించడమే. పెద్దోడి గురించి భయం లేదు, అందుకే తిట్టడు. "నేను పోయినంక వీడెట్ల బతుకుతడు?" అన్న భయం ఆయన నోట్లోంచి "నీకేం చేతనైతదిరా!" అయి బయటికొస్తుంది. ఆయన తండ్రి ఆయనతో మాట్లాడింది ఇంకా తక్కువ. ప్రేమను మాటల్లో పెట్టడం ఆ ఇంట్లో ఎవరూ నేర్పలేదు.

కొడుకును అడిగితే వేరే చెబుతాడు. భయం, ప్రేమ అన్నవి తండ్రి లోపల జరిగిన సంగతులు, తన చెవిన పడింది మాత్రం ఆ వాక్యం. ఇరవై ఏళ్లు రోజూ విన్న వాక్యం. ఇదీ నిజమే. ఇద్దరూ ఒకే సంఘటన గురించి చెప్పినా, ఒకరు ఉద్దేశాన్ని చూపిస్తారు, ఇంకొకరు దెబ్బను చూపిస్తారు. ఒకటి రెండోదాన్ని కొట్టేయదు.

కఠినంగా పెంచాలనేవాళ్లు వాడే పాత సామెతొకటి ఉంది: ఐదేళ్లు లాలించు, పదేళ్లు దండించు. అక్కడే ఆపేస్తారు. ఆ మాట పూర్తిగా చెబితే, పదహారో ఏడు రాగానే కొడుకును స్నేహితుడిలా చూడమని ఉంటుంది.

మధ్యలో తల్లి ఉంటుంది. "అన్నం తిన్నాడేమో అడుగు" అని తండ్రి, "మందులేసుకున్నడా అడగమ్మా" అని కొడుకు, ఇద్దరూ ఒకే హాల్లో కూర్చుని ఆమెతోనే అంటారు. కుటుంబ సంబంధాల మీద పనిచేసిన అమెరికన్ వైద్యుడు మర్రే బోవెన్ దీన్ని త్రికోణం అన్నాడు: ఇద్దరి మధ్య బిగువు ఓర్చుకోలేనప్పుడు మూడో మనిషిని లాక్కుంటారు. ఆమె మాటల వాడి తగ్గించి అటూ ఇటూ చేరవేస్తుంది కాబట్టి ఇల్లు నడుస్తుంది. అదే కారణంగా ఆ ఇద్దరికీ నేరుగా మాట్లాడే అవసరం ఎన్నటికీ రాదు. ఆమె ముందుగా పోయిన ఇళ్లలో ఆ నిశ్శబ్దం ఎలా ఉంటుందో చూసినవాళ్లకు తెలుసు.

"చిల్లిగవ్వ ఇవ్వను" అంటే చట్టం ఏమంటుంది?

గొడవ ముదిరితే చివరికి వచ్చే మాట ఇది. ఇక్కడ అపోహలు చాలా ఎక్కువ.

"నా కుమారుడు నా అదుపాజ్ఞలలో లేనందున అతనితో నాకు ఎట్టి సంబంధమూ లేదు" అని లాయరు ద్వారా పేపర్లో ప్రకటన వేస్తారు. దానివల్ల తండ్రీకొడుకుల బంధం చట్టం దృష్టిలో తెగదు. వీలునామా రాయకుండా ఆ తండ్రి పోతే, ప్రకటన వేయించుకున్న కొడుకు కూడా మిగతావారితో సమానంగా వారసుడే. హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం మౌలాలి ఇల్లు అప్పుడు నాలుగు సమాన భాగాలు: భార్య, ఇద్దరు కొడుకులు, కూతురు. తండ్రి తల్లి బతికుంటే ఐదు.

అదే ఇల్లు తన జీతంతో కట్టుకున్నది కాబట్టి, వీలునామా రాస్తే ఎవరికైనా రాయొచ్చు. మొత్తం పెద్దోడికే రాసినా చెల్లుతుంది. ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ముస్లిం కుటుంబాల్లో ఇలా కుదరదు. ఇక్కడ ఎక్కువమంది పాటించే సున్నీ హనఫీ పద్ధతిలో వారసులు ఒప్పుకోనిదే మూడో వంతుకు మించి వీలునామా రాయలేరు, వారసుల్లో ఒకరికి రాయాలంటే మిగతా వారసులు ఒప్పుకోవాలి.

"తాత ఆస్తి కదా, పుట్టుకతోనే నాకు హక్కు" అన్నది కొడుకు వైపు అపోహ. జనగామ దగ్గర 4 ఎకరాలున్నాయనుకుందాం. తాత తన సంపాదనతో కొని, 1980లో వీలునామా లేకుండా పోయాడు, అవి తండ్రికి వచ్చాయి. సుప్రీంకోర్టు 1986లో చందర్ సేన్ కేసులో చెప్పిన ప్రకారం, అలా వచ్చిన భూమి తండ్రి సొంత ఆస్తే అవుతుంది. మనవడికి అందులో పుట్టుకతో వాటా లేదు. ఒకవేళ అవి తరాలుగా పంచుకోకుండా వస్తున్న ఉమ్మడి కుటుంబపు భూములైతే లెక్క మారుతుంది. తండ్రి, ఇద్దరు కొడుకులు, కూతురు తలా ఒక ఎకరం. తండ్రి వీలునామా రాయగలిగేది తన ఎకరానికే. కూతురి వాటా విషయంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు నుంచే చట్టం మార్చింది, దేశమంతటికీ అది 2005లో వచ్చింది.

చట్టానికి ఇంకో ముఖం ఉంది. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం కింద, పోషించుకోలేని తండ్రి ఆర్డీవో స్థాయి ట్రిబ్యునల్‌కు వెళ్తే పిల్లల నుంచి నెలకు 10,000 రూపాయల దాకా ఇప్పించవచ్చు. చిన్నప్పుడు ఎవరిని ముద్దు చేశావని ఆ ట్రిబ్యునల్ అడగదు. తండ్రి నుంచి ఇల్లు రాయించుకున్న కొడుకు ఆయన్ను చూసుకోకపోతే, చూసుకోవాలన్న షరతు మీద ఇచ్చిన ఆ గిఫ్ట్ డీడ్‌ను రద్దు చేసే వీలు కూడా 23వ సెక్షన్‌లో ఉంది. షరతు ఉందని రుజువు కావాలని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. 2025 జనవరిలో మరో తీర్పులో ఈ చట్టాన్ని వృద్ధులకు అనుకూలంగా, ఉదారంగా చదవాలంది. ఈ రెంటి మధ్య ఎటు మొగ్గాలన్న దాని మీద కోర్టుల్లో వాదనలు నడుస్తూనే ఉన్నాయి.

నవంబరులో

మౌలాలి ఇంటికి తిరిగి వెళ్దాం. పెన్షన్ తీసుకునేవాళ్లు ఏటా నవంబరులో బతికున్నట్టు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఇదివరకు బ్యాంకుకు వెళ్లి లైన్లో నిలబడేవారు. 2021 నుంచి ఫోన్ కెమెరా ముందు ముఖం చూపించినా సరిపోతుంది. వేలిముద్రలు అరిగిపోయిన వర్క్‌షాపు చేతులకు అదే మేలు. కానీ ఆయనకు ఆ యాప్ వాడటం రాదు. డల్లాస్ నుంచి అది చేసిపెట్టడం కుదరదు. కూతురు కరీంనగర్‌లో ఉంది.

అందుకని ఏడాదికి ఒకసారి చిన్నోడు షాపు నుంచి తొందరగా వచ్చి, తండ్రిని కిటికీ వెలుతురులో కూర్చోబెట్టి, ఆయన ముఖానికి ఎదురుగా ఫోన్ పట్టుకుంటాడు. యాప్ కళ్లార్పమంటుంది.

"ఇటు చూడు నాయిన. నా దిక్కు చూడు. ఒక్కసారి కండ్లు కొట్టు."

మొదటిసారి పట్టదు. ఫోన్ కొంచెం పైకెత్తి మళ్లీ అడుగుతాడు. తల్లి వంటింట్లోంచి రాబోయి, గడప దగ్గరే ఆగుతుంది.

"అయిందా?"

"అయింది."